సొంత వాడకానికి నమ్మదగిన వీపీఎన్ ఏది? హాస్టల్ వైఫై, ఇండియా రూల్స్, ఉచిత యాప్‌లు

వెన్నెల_వాన · శనివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారమండీ. మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. మా అంతస్తు మొత్తానికి ఒకటే వైఫై, పాస్‌వర్డ్ మెట్ల దగ్గర గోడకే అంటించి ఉంటుంది. రౌటర్ హాస్టల్ నడిపే ఆయన గదిలో ఉంది. మొన్న ఆయన మా ఫ్రెండ్‌తో "రాత్రి రెండింటి దాకా ఆ సైట్‌లో ఏం చూస్తావమ్మా" అన్నాడట. ఊరికే అన్నాడో, నిజంగానే చూస్తున్నాడో తెలీదు గానీ, అప్పటి నుంచి మాలో ఎవరికీ మనసు ఒప్పడం లేదు.

వీపీఎన్ (మన నెట్‌ను గజిబిజి చేసి వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) పెట్టుకుందామని వెతికితే ఏ "టాప్ 10" సైట్ చూసినా అవే పేర్లు, అవే పొగడ్తలు, చివర్లో ఒక డిస్కౌంట్ లింకు. ప్లే స్టోర్‌లో చూస్తే కోట్లమంది దించుకున్న ఉచిత యాప్‌లు బోలెడు. నెలకు 500 దాకా పెట్టగలను. ఏది కొనాలో చెప్పడంతో పాటు, ఒక కంపెనీని నమ్మొచ్చని మీరు ఎలా తేల్చుకున్నారో కూడా చెప్పండి.

కోనసీమ_కుర్రాడు · 9:40

నేను ప్లే స్టోర్‌లో దొరికే ఫ్రీదే వాడుతున్నానండీ. మధ్యలో యాడ్స్ వస్తాయి, అంతే. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. హాస్టల్ వైఫైకి అంత డబ్బు ఎందుకు?

రౌటర్_రాజు · 10:25

తమ్ముడూ, ఇబ్బంది నీకు కనపడేలా రాదు. పదమూడేళ్లుగా నెట్‌వర్క్ పనిలో ఉన్నాను, ఈ విషయంలో మాత్రం గట్టిగానే చెప్తాను.

ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే ఇజ్రాయెల్ కంపెనీని కొన్నది. దాని ఉచిత వీపీఎన్ యాప్ "మీ డేటాకు రక్షణ" అని చెప్పుకునేది. లోపల మాత్రం జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో లెక్క తీసి ఫేస్‌బుక్ తన వ్యాపారానికి వాడుకుంది. 2018లో ఆపిల్ స్టోర్ నుంచి ఆ యాప్ పోయింది. 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అనుబంధ సంస్థలు రెండింటికి కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

హోలా అనే ఉచిత వీపీఎన్ సంగతి వేరు. అది నీ కనెక్షన్‌నే ఇంకొకరికి అద్దెకిచ్చింది. నువ్వు ఫ్రీగా వాడుకుంటుంటే, నీ ఐపీ (నెట్‌లో నీ కనెక్షన్ చిరునామా) మీదుగా ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నెట్ వాడుకుంటాడు. 2015లో ఇది బయటపడింది.

అన్నిటికంటే భయపెట్టేది 911 ఎస్5 అనే నేరగాళ్ల నెట్‌వర్క్. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్‌లలో ఒక దొంగదారి పెట్టి, వాటిని దించుకున్నవాళ్ల కంప్యూటర్లను నేరగాళ్లకు అద్దెకిచ్చారు. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ దాన్ని మూయించినప్పుడు చెప్పిన లెక్క 1 కోటి 90 లక్షల ఐపీ అడ్రస్‌లు. ఆ ఐపీల మీదుగా మోసాలు, బాంబు బెదిరింపులు జరిగాయి. ఐపీ ఎవరి ఇంటిదైతే పోలీసులు ముందు వాళ్ల ఇంటికే వస్తారు కదా! సర్వర్ల అద్దె, బ్యాండ్‌విడ్త్ ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి. ఆ డబ్బు ఎక్కడిదో కంపెనీ చెప్పకపోతే ఆ యాప్ ముట్టుకోవద్దు.

పాత_లినక్స్ · 11:05

రాజు గారి మాటకు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి అమ్మా. నువ్వు ఎవరి కంటపడకుండా ఉండాలనుకుంటున్నావు? జవాబు మారితే కొనాల్సింది కూడా మారుతుంది.

ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కూ మనకూ మధ్య డేటాను గజిబిజి చేసే పద్ధతి) మీదే నడుస్తాయి. కాబట్టి ఆ హాస్టల్ ఆయనకు నీ బ్యాంకు పాస్‌వర్డ్ గానీ, వాట్సాప్‌లో రాసింది గానీ, వెబ్ పేజీలో ఉన్న విషయం గానీ కనపడవు. కనపడేది సైట్ పేరు, వెళ్లిన సమయం, ఎంత డేటా నడిచింది. సైట్ పేరు డీఎన్‌ఎస్ (పేరును బట్టి సైట్ ఐపీ వెతికిపెట్టే ఏర్పాటు) ద్వారా తెలుస్తుంది, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు కూడా బయటికి కనిపిస్తుంది. "రాత్రి రెండింటి దాకా ఆ సైట్‌లో" అనడానికి ఆ మాత్రం చాలు. అందుకే మీ భయం అర్థంలేనిదని నేను అనను. ఆడపిల్లలు ఉండేచోట ఎవరు ఎప్పుడు మేలుకొని ఏం చూస్తున్నారో తెలుసుకునే వీలు ఒక మనిషి చేతిలో ఉండటం చిన్న విషయం కాదు.

వీపీఎన్ పెడితే ఇదంతా ఆయనకు కనపడదు. ఒకే సర్వర్‌కు గజిబిజి డేటా వెళ్తున్నట్టు మాత్రమే ఉంటుంది. కాని అంతకుముందు ఆయన చూడగలిగినదంతా ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూడగలదు. ఉత్తరాన్ని ఇంకో కవర్లో పెట్టి వేరే పోస్ట్‌మ్యాన్ చేతికిచ్చినట్టు. పాతవాడి మీద అనుమానం తీరింది, కొత్తవాడు ఎలాంటివాడో తెలుసుకోవాల్సిన పని మొదలైంది.

ఇంకో మాట. గూగుల్‌లో లాగిన్ అయి ఉంటే గూగుల్‌కు నువ్వెవరో తెలుసు, వీపీఎన్ ఉన్నా లేకపోయినా. ఫిషింగ్ (నకిలీ సైట్‌కు తీసుకెళ్లే మోసపు) లింకు నొక్కితే వీపీఎన్ అడ్డుకోదు. "హ్యాకర్ల నుంచి పూర్తి రక్షణ" అనే ప్రకటనలు నమ్మకండి.

వెన్నెల_వాన · 11:30

అర్థమైంది సార్. నాకు కావాల్సింది ఆ రౌటర్ పక్కన కూర్చున్న మనిషికి కనపడకుండా ఉండటం. అయితే కంపెనీలన్నీ "మేం లాగ్స్ (వాడకం రికార్డులు) ఉంచం" అనే రాస్తాయి కదా. అందులో నిజం ఎవరిదో ఎలా తెలుస్తుంది?

రౌటర్_రాజు · 12:20

మాట నిలబడిందా లేదా అన్నది పోలీసులు తలుపు తట్టిన రోజున తెలుస్తుంది. అలాంటి సందర్భాలు రికార్డుల్లో కొన్ని ఉన్నాయి, నేను వాటినే చూస్తాను.

2011లో హైడ్‌మైయాస్ అనే సర్వీసు లుల్జ్‌సెక్ హ్యాకర్ల కేసులో లాగ్స్ అప్పగించింది. ఐపీవానిష్ "లాగ్స్ సున్నా" అని ప్రచారం చేసుకుంటూనే 2016లో అమెరికా దర్యాప్తు అధికారులకు కస్టమర్ వివరాలు ఇచ్చింది, 2018లో ఆ కోర్టు కాగితాలు బయటికొచ్చాయి. తర్వాత యజమానులు మారారు. 2017లో ప్యూర్‌వీపీఎన్ రికార్డుల సాయంతో ఎఫ్‌బీఐ ఒక వేధింపుల నిందితుణ్ని పట్టుకుంది. వాడు పట్టుబడటం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. లాగ్స్ లేవని చెప్పి ఉంచుకోవడం మాత్రం అబద్ధం.

రెండో వైపు చూడండి. 2016లో ఒక కేసు, 2018లో ఇంకో కేసు. రెండింట్లోనూ ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే వీపీఎన్ కంపెనీని వివరాలు అడిగితే పనికొచ్చేది ఏమీ దొరకలేదు. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు సోదా వారెంట్‌తో గోథెన్‌బర్గ్‌లోని ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. కస్టమర్ల డేటా అసలు ఉంచమని, తీసుకెళ్లడానికి ఏమీ లేదని కంపెనీ వివరించింది. వాళ్లు వట్టి చేతులతో వెనక్కి వెళ్లారు.

ముల్వాడ్ పద్ధతి కూడా చూడండి. ఈమెయిల్ అడగరు, పేరు అడగరు. 16 అంకెల ఖాతా నంబర్ ఒకటి ఇస్తారు, అంతే. కవర్లో నోట్లు పెట్టి పంపినా తీసుకుంటారు. 2009 నుంచి ఇప్పటికీ నెలకు 5 యూరోలే, మన డబ్బుల్లో సుమారు 500. ఏడాదికి కట్టినా తగ్గింపు లేదు. మొదటి నుంచీ అడగని వివరాన్ని తర్వాత ఎవరికీ ఇవ్వలేరు కదా, నా నమ్మకం అక్కడ ఉంది.

హర్ష_77 · 1:15

రాజు గారూ, ఒక్క కంపెనీనే నెత్తిన పెట్టుకోవడం ఎందుకండీ. నేను ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ చాలా ఏళ్లుగా వాడుతున్నా. స్పీడ్ బాగుంటుంది, బయటి సంస్థలతో ఆడిట్ చేయించుకుంటారు, సర్వర్లు ర్యామ్ మీదే నడుస్తాయి కాబట్టి ఆపేస్తే డేటా పోతుంది. కావాలంటే నా లింకుతో చేరండి, ఇద్దరికీ నెల ఫ్రీ: [నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు · 1:32

రిఫరల్ లింకులు ఇక్కడ పెట్టొద్దు. సర్వీసు గురించి అభిప్రాయం రాయండి, లింకు వద్దు.

రౌటర్_రాజు · 2:05

హర్ష గారూ, స్పీడ్ గురించి మీతో నాకు పేచీ లేదు. ఆడిట్ మంచిదే. కాని ఆడిట్ అంటే ఫలానా వారం ఫలానా సర్వర్లలో మేం చూసినప్పుడు ఇలా ఉంది అని చెప్పే కాగితం. ఆ తర్వాతి రోజుకు అది పూచీ కాదు.

నేను ఆగేది యజమాని దగ్గర. ఎక్స్‌ప్రెస్‌ను 2021లో కేప్ టెక్నాలజీస్ 93.6 కోట్ల డాలర్లకు కొన్నది. కేప్ పాత పేరు క్రాస్‌రైడర్. బ్రౌజర్లలోకి ప్రకటనలు దూర్చే సాఫ్ట్‌వేర్‌కు వాళ్ల వేదిక వాడుతున్నారని సెక్యూరిటీ కంపెనీలు అప్పట్లో దాన్ని అనుమానిత జాబితాలో చేర్చాయి. సైబర్‌ఘోస్ట్, నేను పైన చెప్పిన ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ కూడా ఇప్పుడు వాళ్లవే. అదే 2021లో వీపీఎన్‌లకు ర్యాంకులిచ్చే వీపీఎన్‌మెంటార్ లాంటి రివ్యూ సైట్లున్న కంపెనీని కూడా కొన్నారు. సరుకు వాళ్లదే, ర్యాంకులిచ్చే సైటూ వాళ్లదే. వెన్నెల గారు "అవే పేర్లు" అన్నారు కదా, అందుకు ఇదొక కారణం. మిగతా రివ్యూ సైట్లలో చాలావాటి ఆదాయం మనం లింకు నొక్కి కొంటే వచ్చే కమిషనే.

నార్డ్, సర్ఫ్‌షార్క్ అనే వీపీఎన్‌లు 2022లో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. నార్డ్ ఫిన్లాండ్ సర్వర్ ఒకటి 2018లో చొరబాటుకు గురైతే, ఆ సంగతి జనానికి 2019 అక్టోబర్‌లో తెలిసింది. చొరబాటు ఎవరికైనా జరగొచ్చు. అంత ఆలస్యంగా చెప్పడం నాకు నచ్చలేదు.

హర్ష_77 · 2:40

యజమాని మారినంత మాత్రాన ఇంజనీర్లు మారిపోరు కదండీ. కొన్న తర్వాత తప్పు చేశారని ఒక్క ఆధారం చూపండి, మానేస్తా.

పాత_లినక్స్ · 3:10

హర్షా, ఆధారం లేదన్నది సరైన మాటే. రాజు చెప్పేది నేరం రుజువైందని కాదు. మన నెట్ మొత్తం ఒకరి చేతికిస్తున్నప్పుడు చరిత్ర శుభ్రంగా ఉన్నవాళ్లు అదే ధరకు దొరుకుతుంటే, ఇంకొకరి దగ్గర సందేహంతో ఉండటం దేనికని. నీకు స్పీడ్, సినిమాలు ముఖ్యమైతే నీ ఎంపిక నీకు సరిపోతుంది. ఆ అమ్మాయి అడిగింది నమ్మకం గురించి.

నేను ప్రోటాన్ వీపీఎన్ పేరు కలుపుతాను. స్విట్జర్లాండ్‌లోని జెనీవా కంపెనీ. యాప్‌ల సోర్స్ కోడ్ 2020 నుంచి అందరూ చూసేలా పెట్టారు. ఉచిత ప్లాన్‌కు డేటా పరిమితి లేదు, ఒకే పరికరం, దేశం మనం ఎంచుకోలేం. ఆ ఖర్చు డబ్బు కట్టేవాళ్ల చందాల నుంచి వస్తుందని వాళ్లే చెప్తారు. 2024లో ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్‌ను ప్రధాన వాటాదారుగా చేశారు.

ఒకటి దాచకుండా చెప్పాలి. 2021లో స్విస్ అధికారుల ఆదేశంతో ప్రోటాన్‌మెయిల్ ఒక ఫ్రెంచ్ ఉద్యమకారుడి ఐపీ నమోదు చేసి ఇచ్చింది. అది ఈమెయిల్ సర్వీసు, వీపీఎన్ కాదు. స్విస్ చట్టం రెండింటినీ వేరుగా చూస్తుంది. అయినా ఏ దేశంలో ఉన్న కంపెనీ అయినా ఆ దేశం చట్టానికి లోబడే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

బెజవాడ_వకీలు · 4:20

చట్టం మాట వచ్చింది కాబట్టి మన దేశం సంగతి నేను చెప్తాను.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు, డేటా సెంటర్లు, క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లు కస్టమర్ పేరు, చిరునామా, ఫోన్ నంబర్, ఈమెయిల్, కేటాయించిన ఐపీలు, ఎందుకు తీసుకున్నారో ఆ కారణం, ఇవన్నీ ధ్రువీకరించి 5 ఏళ్లు భద్రపరచాలి. ఖాతా మూసేసినా ఉంచాలి. మొదట జూన్ నెలాఖరు నుంచి అమలు అన్నారు, తర్వాత 2022 సెప్టెంబర్ 25కు పొడిగించారు. ఆఫీసులు తమ ఉద్యోగులకు ఇచ్చే వీపీఎన్‌లకు ఇది వర్తించదని వివరణ ఇచ్చారు.

దాంతో ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఇప్పుడు వీటిలో కొన్ని "ఇండియా" అని చూపించే సర్వర్ నిజానికి సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉంటుంది, ఐపీ మాత్రం ఇండియాది. ఎవరైనా "మా సర్వర్లు ముంబైలో ఉన్నాయి, లాగ్స్ ఉంచం" అని రెండూ ఒకేసారి అంటే, అవి రెండూ ఎలా కుదురుతాయని అడగండి.

వీపీఎన్ వాడటం మన దేశంలో నేరం కాదు. జమ్మూకాశ్మీర్‌లో మాత్రం కొన్ని జిల్లాల్లో మేజిస్ట్రేట్లు అప్పుడప్పుడు నిషేధ ఉత్తర్వులు ఇస్తారు, అక్కడికి వెళ్లేవాళ్లు చూసుకోవాలి. వీపీఎన్ వెనక చేసిన నేరం నేరమే, అందులో మినహాయింపు లేదు.

ఇంకొకటి. కేంద్ర హోంశాఖ ఆదేశంతో కొన్ని వీపీఎన్ యాప్‌లను మన దేశపు ఆపిల్, గూగుల్ స్టోర్ల నుంచి తొలగించారని 2025 జనవరిలో వార్త వచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వారి 1.1.1.1 అనే యాప్ కూడా వాటిలో ఉంది. స్టోర్‌లో కనపడలేదని టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్లు దించుకోకండి. ఆ కంపెనీ సొంత సైట్‌లో ఉంటే తీసుకోండి, లేదంటే వేరే సర్వీసు చూసుకోండి.

డాలస్_చిన్నోడు · 8:50

నా అవసరం తిరగేసి ఉంది. నేను అమెరికాలో ఉంటా, నాన్న పేరు మీద ఉన్న పొలం కాగితాలు చూద్దామంటే మన దగ్గరి ప్రభుత్వ సైట్లు కొన్ని ఇక్కడి నుంచి తెరుచుకోవు. ఇండియా ఐపీ కావాలి. దీనికి ఏ వీపీఎన్ మంచిది?

రౌటర్_రాజు · 9:30

దీనికి కంపెనీ వీపీఎన్ వద్దు బ్రో. వాటి ఐపీలు అందరికీ తెలిసినవే, చాలా సైట్లు వాటినీ ఆపేస్తాయి. మీ నాన్నగారి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఒక పాత ల్యాప్‌టాప్ మీదో రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) మీదో టెయిల్‌స్కేల్ (మన పరికరాలను మనమే కలుపుకునే వీపీఎన్ యాప్) పెట్టి, దాన్ని ఎగ్జిట్ నోడ్‌గా, అంటే నీ నెట్ బయటికి వెళ్లే చోటుగా మార్చు. నువ్వు డాలస్ నుంచి ఇంటి కనెక్షన్ మీదుగా వెళ్తావు, సైట్‌కు మీ ఇంటి ఐపీయే కనపడుతుంది. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వరు, ఒక్కటే చాలా ఇళ్లకు పంచుతారు. మామూలు వైర్‌గార్డ్ (వీపీఎన్ నడిపే ఒక పద్ధతి) సర్వర్ అక్కడ ఇరుక్కుంటుంది, టెయిల్‌స్కేల్ దాన్ని దాటగలదు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు నువ్వే అమర్చు, ఫోన్లో నాన్నగారితో చేయించాలంటే కష్టం.

జగిత్యాల_దుబాయ్ · 10:45

అన్నా, నేను దుబాయ్‌ల పని చేస్త. వాట్సాప్ల మెసేజ్ పోతది గని కాల్ కలువది. రూమ్ల ఉన్నోళ్లందరు ఏదో ఫ్రీ వీపీఎన్ ఏస్కొని ఇంటికి వీడియో కాల్ మాట్లాడుతున్రు. మా బిడ్డను సూస్కుంట మాట్లాడాల్నని నాకు గూడ ఉన్నది. ఏస్కోవచ్చునా?

బెజవాడ_వకీలు · 11:10

అన్నా, వద్దు. యూఏఈలో వీపీఎన్ పెట్టుకోవడమే నేరం అని కాదు గానీ, దాంతో అక్కడ చట్టం ఒప్పుకోని పని చేస్తే 2021 సైబర్ నేరాల చట్టం కింద జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా ఉంది, జైలు కూడా. అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్‌ను అక్కడ నియంత్రణ సంస్థే ఆపేస్తుంది. రూమ్‌లో అందరూ చేస్తున్నారని ధైర్యం చేయకండి, కేసు పడితే పోయేది మీ వీసా, మీ సంపాదన.

అనుమతి ఉన్న యాప్‌లతోనే చూస్తూ మాట్లాడుకోవచ్చు. బోటిమ్ ఉంది. గూగుల్ మీట్, జూమ్, టీమ్స్‌కు కూడా అనుమతి ఉంది. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే మీట్ సులువు, మీరు పంపిన లింకు నొక్కితే చాలు.

జగిత్యాల_దుబాయ్ · 11:25

మంచిగ చెప్పిన్రు సార్. రేపు పొద్దున డ్యూటీకి పోకముందు మీట్ల చేసి సూస్త.

వెన్నెల_వాన · ఆదివారం ఉదయం 8:30

అందరి జవాబులూ రాత్రి కూర్చుని చదివాను. ముందు ప్రోటాన్ ఉచిత ప్లాన్ ఫోన్లో పెట్టి ఒక నెల చూస్తాను. ల్యాప్‌టాప్‌కు కూడా కావాలనిపిస్తే ముల్వాడ్ ఒక నెలకు కొంటాను, అయిదు పరికరాల దాకా ఒప్పుకుంటుందని వాళ్ల సైట్‌లో ఉంది. రెండేళ్లకు ఒకేసారి కట్టే ఆఫర్ల జోలికి పోను. పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి? వీపీఎన్ ఆన్‌లో ఉంటే నా బ్యాంక్ యాప్ తెరుచుకోవడం లేదు.

రౌటర్_రాజు · 9:15

బాగా ఆలోచించారు. నెలనెలా కట్టడమే మంచిది, కంపెనీ చేతులు మారితే ఆ రోజే వదిలేయొచ్చు. కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి.

బ్యాంకు, యూపీఐ యాప్‌లకు విదేశీ ఐపీ కనపడితే అవి అనుమానపడతాయి. వీపీఎన్ యాప్‌లో స్ప్లిట్ టన్నెలింగ్ (కొన్ని యాప్‌లను మాత్రం మామూలు నెట్ మీదే నడిపే వీలు) అని ఉంటుంది, అందులో ఆ యాప్‌లను బయటికి తీసేయండి. ప్రోటాన్‌లో ఇది డబ్బు కట్టిన ప్లాన్‌లోనే వస్తుంది. అప్పటిదాకా డబ్బు పంపేటప్పుడు వీపీఎన్ ఆపి, వైఫై కట్టేసి మొబైల్ డేటాకు మారండి. బ్యాంక్ యాప్ సొంతంగానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, భయం లేదు.

ముఖ్యమైంది ఇది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో వీపీఎన్ పేరు పక్కన పళ్లచక్రం గుర్తు నొక్కితే "ఎల్లప్పుడూ ఆన్", దాని కింద "వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపు" అని రెండు ఉంటాయి. రెండూ పెట్టండి. లేకపోతే కనెక్షన్ తెగిన ఆ కాసేపు అంతా మామూలు దారిలో వెళ్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. రెండోదాన్ని పెట్టాక స్ప్లిట్ టన్నెలింగ్‌లో తీసేసిన యాప్‌లకు నెట్ ఆగిపోతుంది, డబ్బు పంపేటప్పుడు దాన్ని తాత్కాలికంగా తీయాలి.

ప్రోటోకాల్ (వీపీఎన్ డేటా పంపే పద్ధతి) అన్నచోట వైర్‌గార్డ్ ఎంచుకోండి. కోడ్ నాలుగు వేల లైన్ల చుట్టుపక్కలే మొదలైంది, చదివి తప్పులు పట్టడం తేలిక, 2020 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. ఆన్ చేశాక ఒక లీక్ టెస్ట్ సైట్‌లో (మీ అసలు ఐపీ బయటికి కనపడుతోందేమో చూపించేది) ఐపీవీ6 వరుస కూడా చూడండి. ఐపీ అడ్రస్‌లలో ఐపీవీ4 పాత రకం, ఐపీవీ6 కొత్తది. మన దగ్గర మొబైల్ నెట్ ఎక్కువగా ఐపీవీ6 మీద నడుస్తుంది. వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే పట్టుకుంటే రెండోది బయటికి పోతూనే ఉంటుంది.

బ్రౌజర్‌లో పెట్టుకునే ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్లు మాత్రం అసలు వద్దు. వాటిలో చాలావి మీరు తెరిచిన పేజీలోపలిదంతా చదవగలవు, అక్కడ హెచ్‌టీటీపీఎస్ కూడా కాపాడదు.

కోనసీమ_కుర్రాడు · 10:05

రాజు అన్నా, నా ఫ్రీ యాప్ తీసేస్తున్నా. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా, ఇంకేమన్నా చేయాలా?

రౌటర్_రాజు · 10:20

తీసేముందు సెట్టింగ్స్‌లో వీపీఎన్ జాబితాలోకి వెళ్లి దాని ప్రొఫైల్ దగ్గర "మర్చిపో" అని ఉన్నది నొక్కు. ఆ యాప్‌లో ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఉంటే ఆ ఖాతా కూడా తొలగించు, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడ మార్చు. తర్వాత సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో "యూజర్ సర్టిఫికెట్లు" (ఎవరి కనెక్షన్‌ను నమ్మాలో ఫోన్‌కు చెప్పేవి) తెరిచి చూడు. నువ్వు పెట్టనిది ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసెయ్, పాస్‌వర్డ్‌లు ఆ తర్వాతే మార్చు.